బట్టల గానుగ

ఆ పొద్దు ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. చైత్రమాసపు ఆకాశం ఎండ ఎక్కకముందే తెల్లగా కాలిపోతోంది. అయినా ఊరంతా తల ఎత్తి పైకే చూస్తోంది. విశాఖపట్నం మీద జపానువాళ్ళు బాంబులు వేసి అప్పటికి మూడు రోజులు. కాకులు నాలుగు కాస్త ఎత్తున ఎగిరితే చాలు, ఆడవాళ్ళు పిల్లల్ని రెక్క పట్టుకుని లోపలికి లాగుతున్నారు.

నేను కళ్ళంలో బెల్లం పెనం తోముతున్నాను. ఆ యేటికి చెరుకాడడం అయిపోయింది. అనకాపల్లి రోడ్డు మీద దుమ్ము లేచింది. మూడు బళ్ళు. ముందు బండిలో మా బావ త్రినాధరావు గొడుగు వేసుకుని కూర్చున్నాడు.

బావ హార్బరు ఆఫీసులో గుమాస్తా. మా అక్కని, మేం అప్ప అంటాం, చేసుకున్నాడు. ఆయన తల్లి, ఇద్దరు తమ్ముళ్ళు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు కలిపి పదకొండు మంది దిగారు. ఇంట్లో అప్పటికే మేం ఏడుగురం. అన్న సత్తియ్య, వదిన, వాళ్ళ పిల్లలు ముగ్గురు, నేనూ, నా పెళ్ళాం అప్పలకొండమ్మ. కొండమ్మకి ఏడో నెల. తల్లి లేని పిల్ల కాబట్టి కాన్పు మా ఇంట్లోనే అనుకున్నాం.

మూడో బండిలో మనుషులు లేరు. గడ్డిలో పొదిగి, మోకులతో కట్టిన ఒక వస్తువుంది. దింపడానికి నలుగురం పట్టాం. నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన కర్రతొట్టి. చుట్టూ ఇనప బద్దలు. మూతకి లోపలివైపు, పీట తిరగేసి బిగించినట్టు నాలుగు కాళ్ళు. మూత మీద పళ్ళ చక్రాలు, పక్కని చేత్తో తిప్పే ఇనప పిడి. ఆ పైన రెండు గుండ్రటి కర్రదిమ్మలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి.

"ఇదేటి బావా, సిన్న గానుగలాగుంది?" అన్నాడు అన్న.

"బట్టలుతికే యంత్రం. హార్బరు దొర ఇల్లు ఖాళీ చేస్తూ వేలం వేశాడు. పట్నంలో ఇలాంటిది మరొకటి లేదు" అన్నాడు బావ, చేతులు దులుపుకుంటూ.

సాయంత్రానికల్లా ఊళ్ళో దాని పేరు బట్టల గానుగ అయింది.

మర్నాడు పొద్దున్నే పైడితల్లి మూట కోసం వచ్చింది. ఊరి చాకలి. మొగుడు కూలికి బర్మా, రంగం వెళ్ళాడు. అక్కడ యుద్ధం మొదలయ్యాక కబురు లేదు. ఇద్దరాడపిల్లలు. పొద్దున్న ఇంటింటా మూటలు తీసుకోవడం, సాయంత్రం ఇంటింటా అన్నం పట్టుకెళ్ళడం, కోతల్లో కళ్ళం దగ్గర తన వంతు గింజలు, మేర, కొలిపించుకోవడం, అదే ఆమె బతుకు. అన్ని గడపల్లోకీ మాది పెద్దది.

బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నీ పేరేమిటి?"

"పైడితల్లండి బాబూ."

"రేపట్నుంచి నువ్వీ గడప ఎక్కక్కర్లేదు. మాకు యంత్రం ఉంది."

పైడితల్లి నవ్వింది. పట్నం బాబు వేళాకోళం ఆడుతున్నాడనుకుంది. తరవాత మా అన్నకేసి చూసింది.

"పెదబుగతా, తమరి మాట కూడా అదేనా?"

"బావ సెప్పేడు కదే" అన్నాడు అన్న.

"మరి సాయంత్రం కూడు?"

"పని లేకుండా కూడేటి?"

ఆమె అప్పుడు నాకేసి చూసింది. నేను యంత్రం పిడి పట్టుకుని ఉన్నాను. పిడికి దొర పేరేదో చెక్కి ఉంది. నాకు రాని ఇంగిలీషు అక్షరాలని నేను చాలాసేపు చదివాను. తలెత్తేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

పది రోజులు బట్టల గానుగ బాగానే తిరిగింది. తిప్పింది నేను. బావ కుర్చీ వేసుకుని జేబుగడియారం చూసేవాడు. "పావుగంట. ఆపకు, ఆపకు" అనేవాడు. ఊళ్ళో పిల్లలు గోడెక్కి చూసేవారు. దిమ్మల మధ్య నుంచి పంచె అప్పడంలా నలిగి బయటికొస్తుంటే అందరూ ఓయని అరిచేవారు. పిప్పి ఎటు పడుతుందని తాతబ్బాయి అడిగాడు. ఎదురింటి తాతబ్బాయికి అరుగు దిగకుండానే అందరి సంగతులూ కావాలి.

పదకొండో రోజుకి బావ తెచ్చిన సబ్బు అయిపోయింది. అనకాపల్లి బజారులో యుద్ధం పేరు చెప్పి సబ్బుబిళ్ళ దాచేశారు. "చాకలోళ్ళు దేంతో ఉతుకుతారు? చౌడుతోనేగా" అన్నాడు అన్న. ఏటిగట్టు నుంచి గంపెడు చౌడుమన్ను తెచ్చి తొట్టిలో పోశాం. చాకళ్ళయితే చౌడుని నీళ్ళలో కలిపి, తేర్చి, పైతేటే వాడతారు. ఆ సంగతి చెప్పవలసిన మనిషిని మేమే పంపేశాం.

మట్టినీళ్ళు చింది పళ్ళ చక్రాల్లోకి పోయాయి. పిడి బరువెక్కింది. బండి ఇరుసుకి పూసే కందెన, ఆముదంలో గడ్డిమసి కలిపినది, నేనే తెచ్చి చక్రాలకి దట్టంగా పట్టించాను. కందెనా చౌడూ కలిసి ఒక రాత్రిలో రాయైపోయాయి. తెల్లారి పిడి కదల్లేదు.

"గానుగ బిగిసిపోతే ఏటి సేత్తాం? కాడి పొడుగు సేత్తాం" అన్నాడు అన్న. పిడికి వెదురుబొంగు కట్టి ఇద్దరం రెండు చేతులా తోశాం. చెరుకు గానుగైతే కదిలేది. ఇది టప్పుమంది. చక్రం పళ్ళు మూడు ఎగిరి పశువులసాలలో పడ్డాయి. తొట్టిలో వదిన పెళ్ళిచీర ఉంది. ఆ చీర నల్లటి కందెన మరకలతో బయటికొచ్చింది.

వదిన చీర మడిచి, బావ కుర్చీలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఊరి కమ్మరి చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పోత ఇనుము కొలిమిలో అతకదన్నాడు. అనకాపల్లిలో చెరుకు గానుగలు బాగుచేసే మేస్త్రీ, ఇది సీమ నుంచి రావాలి, ఓడలేవీ అన్నాడు. బావ పట్టు వదలక ఏటికొప్పాక పంపించి, బొమ్మలు చేసేవాళ్ళ చేత కర్రతో చక్రం చేయించాడు. ఎర్రటి లక్కరంగు వేసి ముచ్చటగా పంపారు. సగం పంచె ఉతికేసరికి అది పిల్లలు ఆడుకోవడానికి పనికొచ్చింది.

పద్దెనిమిది మంది బట్టలు. నూతి దగ్గర రాయి ఒకటి. చౌడుతో వదిన చేతులు పగిలాయి, అప్ప చేతులు పగిలాయి. చేతులు పగిలినకొద్దీ మాటలు పెరిగాయి.

"మీ మొగుడికి రోజుకో పంచేటి వదినా? ఆఫీసుకి ఎల్తన్నాడా?" అనేది వదిన.

"మీ ఆయన పొలం బురదంతా ఒంటికే పూసుకొత్తాడు కాదా!" అనేది అప్ప.

అన్న పొలం పనులు చేసే పాలికాపుని పంపాడు, పైడితల్లిని రమ్మని. వాడు ఒక్కడే తిరిగొచ్చి తల గోక్కున్నాడు.

"ఏటందిరా?"

"ఆ గడప కాడ నన్ను పొమ్మన్న నోరే రమ్మనాలంది బుగతా."

అన్న బండి కట్టించి, మూటలు వేయించి, నన్ను తీసుకుని అనకాపల్లి చాకలిపేటకి వెళ్ళాడు. అక్కడ ఒక ముసలాయన మూట విప్పబోతూ ఆగాడు.

"ఏ ఊరు బుగతా?"

అన్న చెప్పాడు. ముసలాయన విప్పిన ముడి మళ్ళీ బిగించాడు.

"ఆ ఊరు పైడితల్లిది కదా. ఆమె బతికుండగా ఆమె గడపల గుడ్డ మేం ముట్టుకోం."

"రెండింతలు ఇత్తాను."

"ఇంకోళ్ళ సెట్టుకి కల్లు గీత్తారేటి బుగతా ఎవరైనా? ఇదీ అంతే. పదింతలిచ్చినా ఈ పేటలో ఎవరూ ముట్టరు."

మూటలు మళ్ళీ బండెక్కాయి. ఊళ్ళోకి వచ్చేసరికి పైడితల్లి గాడిదని తోలుకుంటూ ఎదురైంది. గాడిద అలవాటు కొద్దీ మా గుమ్మం ముందు ఆగింది. ఆమె దాని వీపు మీద ఒక్కటేసి, "అక్కడ మనకేటి పని? నడు" అంది. మాకేసి చూడలేదు.

మృగశిర కార్తెలో మొదటి వాన పడిన రోజు కొండమ్మకి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగానే ఉన్నారని మంత్రసాని చెప్పి, మెల్లగా నన్ను పక్కకి పిలిచింది.

"పురిటి గుడ్డలు గంపలో పెట్టేను. పైడితల్లి రాదంట కదా. ఎవరెత్తుతారు?"

నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. పురిటి గుడ్డలు ఇంటివాళ్ళు ముట్టరు. నూతి దగ్గర ఉతకరాదు. చాకలి వచ్చి పట్టుకెళ్ళాలి, ఉతికి తేవాలి. ఎప్పటి నుంచో అంతే.

మూడు రోజులు వాన. గంప పెరట్లో చూరు కింద ఉంది. దాని మీద ఈగలు. నాలుగో రోజు గదిగుమ్మం బయట నిలబడితే కొండమ్మ లోపల్నించి అంది, "మావా, పొడిగుడ్డ ఒక్కటీ లేదు. ఉన్నదే మళ్ళీ మళ్ళీ పెట్టుకుంతన్నాను. ఒళ్ళు ఒరిసిపోతంది." ఏడవలేదు. ఏడిస్తే నేనేమైనా ఓదార్చేవాణ్ణేమో.

అరుగు మీద అన్నా బావా ఉన్నారు.

"బావా, ఒక్కసారి రేవుకెల్లి ఆ మాటనేసి రా" అన్నాను.

"నేను? చాకలిదాన్ని బతిమాలాలా?"

"ఊరంతా నవ్వుతాదిరా. ఇంకో నాలుగ్రోజులు ఊరుకుంటే ఆకలేసి అదే వత్తాది" అన్నాడు అన్న.

నేను పెరట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద ఉడుకునీళ్ళుంటే గంపలో గుమ్మరించాను. గంప నెత్తికెత్తుకుని, పెరటిదారిన కాకుండా వీధిగుమ్మంలోంచి బయటికొచ్చాను. అన్న లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్ నూకరాజూ! దాంతో వీధిలోకెల్తే మళ్ళీ ఈ గడప తొక్కకు."

"తొక్కను. పశువులసాలలో పడుకుంతాను."

తడి నా మెడ మీదుగా కారుతోంది. ఎదురరుగు మీద తాతబ్బాయి ఉన్నాడు. ఎందుకుండడు?

"ఓలప్పా! నూకరాజు సాకిరేవు కట్టేడ్రోయ్! మా యింట్లో కూడా మూటుందిరా, ఎప్పుడొత్తావు?"

"నీ పెళ్ళాం కన్నప్పుడు సెప్పు మావా. గంపెలా ఎత్తుకోవాలో నీకు సూపిత్తాను."

ఏరు కొత్తనీటితో ఎర్రగా పారుతోంది. పైడితల్లి మోకాటిలోతు నీళ్ళలో ఉంది. ఎత్తిన బట్ట ఎత్తినట్టే ఉంచి నన్ను చూసింది.

"ఏటి సిన్నబుగతా, దారి తప్పేవా?"

"లేదు. ఆ సివర రాయి కాళీయేనా?"

"అది మా అత్తది. ముసల్ది పోయిందగ్గర్నించీ కాళీయే." గంపకేసి చూసింది. "ఆయేటి?"

"కొండమ్మ పురిటి గుడ్డలు."

ఆమె బట్ట కిందికి దించింది. నేను చివరి రాయి దగ్గర గంప దించి, ఒక గుడ్డ తీసి రుద్దడం మొదలెట్టాను. ఎంత రుద్దినా మరక కదల్లేదు. కాసేపు చూసి ఆమె ఉండబట్టలేకపోయింది.

"ఉడుకునీళ్ళు పోసేవా?"

"పోసేను."

"ఒలమ్మ! నెత్తురు గుడ్డకి ఎవరైనా ఉడుకునీళ్ళు పోత్తారేటి? మరక ఉడికి కూకుంతాది. సన్నీళ్ళలో నానాల. నానెయ్యి, కూకో."

నానేశాను. కూర్చున్నాను. ఆమె రెండు చీరలు ఉతికి, పిండి, గట్టు మీద వేసింది. మళ్ళీ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"పురిటాలి గుడ్డలకి నాకు పంతమేటి? నువ్వడిగితే సేత్తాను సిన్నబుగతా."

ఆ మాట అంటే అయిపోయేది. కొండమ్మకి సాయంత్రానికి పొడిగుడ్డలు వచ్చేవి.

"నానడిగితే నువ్వు సేత్తావు. రేపట్నించి మా అన్న అడక్కుండానే సేయించుకుంతాడు. అడగను" అన్నాను.

నేనే మళ్ళీ అన్నాను.

"ఆ యాల నువ్వు నాకేసి సూసేవు. నాను సూళ్ళేదు."

"నువ్వు సూడకపోడమూ సూసేనులే" అంది. గుడ్డకేసి చూసి, "నానింది. తియ్యి. రెండు సేతులా ఎత్తు. బుజంలోంచి కాదు, నడుంలోంచి కొట్టాల. నీళ్ళు ఎనక్కి పోవాల, నీ మొకమ్మీద కాదు."

ఆమె ఆ గుడ్డల్ని ముట్టలేదు. నేను ముట్టమనలేదు. చెప్తూ ఉంది, నేను కొడుతూ ఉన్నాను. సాయంత్రానికి నా అరచేతుల్లో బొబ్బలు లేచాయి. ఆరిన గుడ్డలు వదిన చేతికిస్తే ఆమె కొండమ్మకి అందించింది. లోపల్నించి, "ఎండ వాసనొత్తంది మావా" అని వినిపించింది.

రోజూ వెళ్ళాను. తాతబ్బాయి రెండు రోజులు నవ్వాడు. మూడో రోజు, "ఇయ్యాల మబ్బుగుంది, ఆరతాయేట్రా?" అని అడిగాడు. అన్న మాత్రం నాకేసి చూడ్డం మానేశాడు. వదిన పశువులసాల దగ్గరికి కంచం తెచ్చేది. ఒకరోజు కంచం పెట్టి, పగిలిన చేతులు చూపించి, "నాకెందుకో తోచనేలేదు మరిదీ, ఏటికెల్లొచ్చని" అంది.

పిల్ల పుట్టిన ఏడో రోజున బావకి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సోమవారం పనిలోకి రావాలి. ఆయన తెల్లకోటూ పంట్లామూ యంత్రం దిమ్మల్లో పడి నల్లచారలతో ఉన్నాయి. వదిన తను ఉతకనంది. సొంత పెళ్ళాం, మా అప్ప కూడా, చేతులు ముందుకి చాపి చూపించి లోపలికి వెళ్ళిపోయింది. బావ పశువులసాల దగ్గరికి వచ్చాడు. ఆ సాలలోకి ఆయన రావడం అదే మొదలు.

"ఏమోయ్ నూకరాజూ, ఎలాగూ రేవుకి వెళుతున్నావు కదా. ఈ రెండూ..."

"నా పెళ్ళాం గుడ్డలు నాను ఉతుకుతాను. నీయి నాకెందుకు బావా? దారి సూపిత్తాను, మూట నువ్వే ఎత్తుకో."

మర్నాడు నా వెనక గొడుగు వేసుకుని, చంకలో మూటతో వచ్చాడు. పైడితల్లి పని ఆపలేదు.

"ఇదిగో అమ్మాయ్..."

"పైడితల్లండి. ఆ యాల సెప్పేను."

"పైడితల్లీ, రేపట్నుంచి నువ్వు రావచ్చు."

"రావచ్చా? రమ్మంతన్నారా?"

బావ గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చాడు. "రమ్మంటున్నాను."

"ఇక్కడ కాదు బాబూ. ఎక్కడ పొమ్మన్నారో అక్కడనండి."

ఆ సాయంత్రం ఆమె మా గుమ్మం ముందు వీధిలో వచ్చి నిలబడింది. బావ గుమ్మంలోకి వచ్చాడు. అరుగు మీద అన్న, ఎదురరుగు మీద తాతబ్బాయి, కిటికీల వెనక ఆడవాళ్ళు. బావ ద్వారబంధంకేసి చూస్తూ, ఆఫీసులో నోటీసు చదివినట్టు, "పైడితల్లి ఈ ఇంటికి పనికి రావలసింది" అన్నాడు. తరవాత ఏమనుకున్నాడో, గొంతు తగ్గించి, "రా అమ్మా" అన్నాడు.

ఆమె మెట్టెక్కి మూట తీసుకుంది. ఆదివారానికి కోటు తెల్లగా వచ్చింది. సోమవారం పొద్దున్న రైలుకి బావా, వారం తిరక్కుండా మిగతావాళ్ళూ వెళ్ళిపోయారు. బట్టల గానుగని ఎవరూ బండెక్కించలేదు. తొట్టి కుడితికి పనికొచ్చింది.

బావ వెళ్ళిన రోజే పదకొండో రోజు. పైడితల్లి తెల్లవారకుండా వచ్చి, తల్లికీ పిల్లకీ ఉతికిన బట్టలిచ్చి, పురిటిగది చాపలూ బొంతలూ అన్నీ పట్టుకెళ్ళింది. స్నానాలయ్యాయి. మధ్యాహ్నానికి ఆమె తిరిగొస్తే వదిన అన్నం గిన్నెతో వీధిగుమ్మంలోకి వెళ్ళింది.

"ఇయ్యాల పట్టుకెల్లను బుగతమ్మా" అంది పైడితల్లి. "ఇక్కడే కూకుని తింతాను."

వదిన గిన్నె పట్టుకుని అన్నకేసి చూసింది. ఎన్ని తరాల నుంచో మా ఇంటి అన్నం తిన్న కుటుంబం అది. మా ఇంట్లో ఏనాడూ కూర్చుని తినలేదు. అన్న స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అవుననలేదు, కాదనలేదు.

నేను పెరట్లోకి వెళ్ళి అరిటాకులు రెండు కోసుకొచ్చాను. వీధరుగు మీద, పక్కపక్కన వేశాను. ఒకదాని ముందు పైడితల్లి కూర్చుంది. రెండో దాని ముందు నేను కూర్చున్నాను. కొండమ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని గుమ్మంలో చతికిలపడి, వెల్లుల్లికారం కలిపిన తన అన్నం కంచం అక్కడికే తెప్పించుకుంది.

అన్న చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఎదురరుగు మీద తాతబ్బాయి లేచి నిలబడ్డాడు.

"ఆకు" అన్నాడు అన్న.

వదిన ఆకు తెచ్చింది. అరుగు చివర వేయించుకుని, సగం అటు తిరిగి కూర్చున్నాడు.

వదిన వడ్డిస్తూ వచ్చింది. అన్నం, పప్పు, ఆనపకాయ పులుసు. మొదట పైడితల్లికి, తరవాత నాకు, ఆఖర్న అన్నకి. అందరం తిన్నాం.